శ్రీకాకుళం - విజయనగరం సముద్రతీరం

శ్రీకాకుళం - విజయనగరం సముద్రతీరం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రానికి ఈశాన్య కొసన బంగాళాఖాతం వెంబడి ఉన్న తీరప్రాంతం. ఉత్తరాన ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం మండలం మొదలుకొని దక్షిణాన విజయనగరం జిల్లా భోగాపురం మండలం వరకు ఇది వ్యాపించి ఉన్నది. శ్రీకాకుళం జిల్లా తీరరేఖ పొడవు సుమారు 193 కి.మీ.; విజయనగరం జిల్లా తీరరేఖ సుమారు 28 కి.మీ. మాత్రమే. రాష్ట్ర తీరరేఖను చాలాకాలం 974 కి.మీ.గా లెక్కించేవారు. ఆ లెక్క ప్రకారం ఒక్క శ్రీకాకుళం జిల్లాకే దాదాపు ఐదో వంతు తీరం దక్కుతుంది. రాష్ట్రంలోని జిల్లాలలో ఇంత పొడవైన తీరం గలదిగా ఈ జిల్లా పేరు పొందింది.

ఇంత తీరం ఉన్నా పర్యాటకులకు ఈ ప్రాంతం అంతగా తెలియదు. విశాఖపట్నం వచ్చే యాత్రికులలో అధికులు భీమునిపట్నం వరకు వెళ్ళి వెనుదిరుగుతారు. అక్కడినుండి ఉత్తరంగా ఉన్న ఇసుక దిబ్బలు, నదీ ముఖాలు, పాత ఓడరేవులు, బౌద్ధ శిథిలాలు, పక్షుల విడిది గ్రామాలు చాలావరకు స్థానికులకు మాత్రమే పరిచితమైనవి. జనసమ్మర్దం లేకపోవడం వలన ఈ తీరం సహజ రూపాన్ని చాలావరకు నిలుపుకొన్నది. అదే సమయంలో రేవులు, పరిశ్రమలు, విమానాశ్రయం వంటి నిర్మాణాలకు ఇక్కడి ఖాళీ నేలలే అనువుగా కనిపించడంతో, గత రెండు దశాబ్దాలుగా ఈ తీరం భవిష్యత్తు చర్చనీయాంశమైంది.

భౌగోళికం

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, పోలాకి, గార, శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రణస్థలం మండలాలు శ్రీకాకుళం జిల్లాలోని తీర మండలాలు. విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలాలకు మాత్రమే సముద్రతీరం కలదు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో శ్రీకాకుళం జిల్లా లోతట్టు మండలాలు కొన్ని పార్వతీపురం మన్యం, విజయనగరం జిల్లాలకు వెళ్ళాయి గాని, తీర మండలాలలో మార్పు రాలేదు.

తూర్పు కనుమలు ఇక్కడ సముద్రానికి చాలా దగ్గరగా వస్తాయి. అందువలన తీర మైదానం సన్ననిది. కనుమలలో పుట్టిన నదులు తక్కువ దూరం ప్రవహించి సముద్రంలో కలుస్తాయి. ఉత్తరం నుండి దక్షిణానికి వచ్చేటప్పుడు ఎదురయ్యే ముఖ్యమైన నదీ సంగమాలు ఇవి:

- మహేంద్రతనయ - ఒడిశాలోని మహేంద్రగిరి కొండలలో పుట్టి సోంపేట మండలం బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది.
- వంశధార - ఒడిశా కొండలలో పుట్టి గార మండలం కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది.
- నాగావళి - ఒడిశాలోని కలహండి ప్రాంతంలో పుట్టి, శ్రీకాకుళం పట్టణాన్ని ఒరుసుకొంటూ ప్రవహించి, కల్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది.
- చంపావతి - విజయనగరం జిల్లాలోని ఆండ్ర కొండలలో పుట్టి కోనాడ వద్ద సముద్రంలో కలుస్తుంది.

వీటితోపాటు అనేక చిన్న వాగులు ఉన్నాయి. స్థానికంగా వీటిని గెడ్డలు అంటారు. వర్షాకాలంలో పొంగే గెడ్డలు వేసవిలో ఇసుక అడ్డుపడి సముద్రాన్ని చేరకుండానే నిలిచిపోతాయి. తీరానికి సమాంతరంగా ఉన్న ఇసుక దిబ్బల వెనుక పల్లపు నేలలలో వాననీరు నిలిచి చిత్తడి నేలలు ఏర్పడతాయి. వీటిని సోంపేట ప్రాంతంలో బీల అనీ, సంతబొమ్మాళి ప్రాంతంలో తంపర అనీ పిలుస్తారు. వరి సాగుకు, పశువుల మేతకు, మంచినీటి చేపలకు, వలస పక్షులకు ఇవే ఆధారం. వాన నీటిని పట్టి ఉంచి చుట్టుపక్కల బావులలో ఊట నిలబెట్టేవి కూడా ఇవే.

దిబ్బల మీద సరుగుడు తోటలు, గట్ల వెంట మొగలి పొదలు, వాటి వెనుక జీడిమామిడి, కొబ్బరి తోటలు కనిపిస్తాయి. ఇచ్ఛాపురం నుండి వజ్రపుకొత్తూరు వరకు గల పచ్చని తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అనే మాటనుండి ఈ పేరు వచ్చినదని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి చెట్లు ఇక్కడ ఒకే తోటలో కలిసి పెరుగుతాయి. ఇక్కడి జీడిగింజలు పలాసలోని కార్ఖానాలలో జీడిపప్పుగా మారి దేశమంతటికీ చేరుతాయి.

చరిత్ర

ఈ తీరం ప్రాచీన కళింగ దేశంలోని భాగం. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారుల అభిప్రాయం. వంశధార ముఖద్వారానికి దగ్గరగా, నది దక్షిణపు ఒడ్డున గల శాలిహుండం కొండపై బౌద్ధ స్తూపాలు, చైత్యాలు బయల్పడ్డాయి. వ్యావహారిక భాషోద్యమకారుడు గిడుగు రామమూర్తి ఈ స్థలాన్ని 1919లో తొలిసారి గుర్తించి వెలుగులోకి తెచ్చారు. 1940లలోను, 1950లలోను జరిగిన తవ్వకాలలో మరిన్ని కట్టడాలు, విగ్రహాలు లభించాయి. వీటిలో మారీచి, తార విగ్రహాలు ఉండటం వలన బౌద్ధంలోని తరువాతి శాఖలు కూడా ఇక్కడ కొనసాగినట్లు తెలుస్తున్నది. నదీముఖాన్ని, సముద్రాన్ని ఒకేసారి చూడగల ఎత్తున ఆరామాన్ని నిర్మించడాన్ని బట్టి, సముద్ర వ్యాపారంతో దీనికి సంబంధం ఉండేదని భావిస్తారు.

బ్రిటిష్ పాలనాకాలంలో కళింగపట్నం, బారువ, కోనాడ రేవులుగా ఉండేవి. ఓడలు ఒడ్డుకు రాలేని చోట దూరంగా లంగరు వేస్తే, సరుకులను, ప్రయాణికులను చిన్న పడవలలో చేరవేసేవారు. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలనుండి వేల మంది కూలీలు బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్ళారు. ఓడల రాకపోకలకు భద్రత కోసం తీరంలో దీపస్తంభాలు నిర్మించారు. పూసపాటిరేగ మండలం చింతపల్లి వద్ద, సముద్రంలో దాగి ఉన్న రాళ్ళనుండి భీమునిపట్నం వైపు వెళ్ళే ఓడలను హెచ్చరించడానికి 1847లో ఒక చిన్న కొండపై దీపస్తంభం నెలకొల్పారు. ఆంగ్ల రికార్డులలో ఇది శాంతపిల్లి దీపస్తంభంగా కనిపిస్తుంది.

19వ శతాబ్దం చివరి దశకంలో తూర్పుతీర రైలుమార్గం రావడంతో సరుకు రవాణా రైళ్ళకు మళ్ళింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమైన తరువాత చిన్న రేవుల ప్రాముఖ్యత పూర్తిగా తగ్గిపోయింది. గంజాం జిల్లాలో ఉండిన ఈ ప్రాంతపు ఉత్తర భాగం, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. రేవుల కాలం ముగిసిన తరువాత పట్టణాలన్నీ రైలుమార్గం, జాతీయ రహదారి వెంబడి పెరిగాయి. తీరం మాత్రం మత్స్యకార గ్రామాలకే మిగిలింది. ఈ తీరం పెద్దగా మార్పు చెందకుండా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చును.

చూడదగిన ప్రదేశాలు

బారువ

సోంపేట మండలంలోని బారువ ఒకప్పటి రేవు పట్టణం. ఇక్కడ విశాలమైన ఇసుక తీరం, దీపస్తంభం, కోటిలింగేశ్వరాలయం ఉన్నాయి. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు కావడంతో పర్వదినాలలో భక్తులు స్నానాలకు వస్తారు. తీరానికి ఎదురుగా సముద్ర గర్భంలో చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలాలు ఉన్నాయి. ఇది 20వ శతాబ్దపు తొలి భాగంలో ప్రమాదానికి గురైన ఓడ. శిథిలాల చుట్టూ చేపలు గుమికూడటం వలన మత్స్యకారులకు ఈ చోటు ముందునుండి తెలుసు. ఇటీవలి సంవత్సరాలలో శిక్షణ పొందిన గజ ఈతగాళ్ళు ఈ శిథిలాలను చూడటానికి వస్తున్నారు.

తేలుకుంచి

ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచి గ్రామానికి ఏటా తొలకరి సమయంలో నత్తలను తినే కొంగలు వస్తాయి. ఈ కొంగ ముక్కు రెండు భాగాల మధ్య సన్నని సందు ఉంటుంది. అవి ఊరిలోని చెట్లపైనే గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వర్షాకాలం ముగిసిన తరువాత వెళ్ళిపోతాయి. వీటి రాకను గ్రామస్థులు మంచి వానలకు శకునంగా భావిస్తారు. వాటికి హాని తలపెట్టరు.

అక్కుపల్లి, నువ్వలరేవు

వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి వద్ద గల తీరాన్ని శివసాగర్ తీరం అని పిలుస్తారు. పలాస - కాశీబుగ్గ పట్టణం నుండి తోటల మధ్యగా ఇక్కడికి చేరవచ్చు. ఇదే మండలంలోని నువ్వలరేవు మత్స్యకార గ్రామం సామూహిక వివాహాలకు ప్రసిద్ధి. ఇక్కడివారు విడివిడిగా కాక, కొన్నేళ్ళకొకసారి ఊరంతటికీ కలిపి ఒకే ముహూర్తాన పెళ్ళిళ్ళు జరుపుతారు. దూర ప్రాంతాలలో పనిచేసే యువకులందరూ ఆ సమయానికి ఊరు చేరుకుంటారు.

తేలినీలాపురం

టెక్కలి మండలంలోని తేలినీలాపురం పక్షుల విడిది కేంద్రం నౌపడ చిత్తడి నేలలకు సమీపంలో ఉన్నది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇక్కడికి సెప్టెంబరు - అక్టోబరు నెలలలో వచ్చి, చింత మొదలైన చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలు ఎగరగలిగిన తరువాత మార్చి - ఏప్రిల్ నాటికి వెళ్ళిపోతాయి. ఇవి సైబీరియానుండి వస్తాయన్న ప్రచారం ఉన్నది కాని అది సరికాదు. ఈ రెండు జాతులూ దక్షిణ ఆసియాలోనే నివసించేవి. ఆహారం, నీరు దొరికే చోటును బట్టి ఉపఖండంలోనే తావు మారుతూ ఉంటాయి. పుట్టింటికి వచ్చే ఆడపడుచులుగా వీటిని ఊరివారు ఆదరిస్తారు. 2021 డిసెంబరు - 2022 జనవరి మధ్య ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. పొట్టలో చేరిన పరాన్నజీవి పురుగులే ఇందుకు కారణమని పరీక్షలలో తేలింది. పక్షులు తినే చేపలు పెరిగే చెరువుల నీరు శుభ్రంగా ఉండవలసిన అవసరాన్ని ఈ సంఘటన తెలియజేసింది.

భావనపాడు

సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు చేపల రేవు, ఇసుక తీరం గల గ్రామం. ఉప్పుకయ్యలకు పేరుపొందిన నౌపడ దీనికి చేరువలో ఉన్నది. ఇదే మండలంలోని సున్నాపల్లి రేవుకు 2022 మేలో అసని తుఫాను సమయంలో బంగారు రంగు వేసిన ఒక రథం వంటి కట్టడం కొట్టుకొని వచ్చింది. ఆగ్నేయాసియా దేశాలలోని బౌద్ధ మందిరాల రూపంలో ఉన్న ఈ రథాన్ని చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చారు. బంగాళాఖాతం ఆవలి ఒడ్డుతో ఈ తీరానికి గల సామీప్యాన్ని అది గుర్తు చేసింది.

కళింగపట్నం

శ్రీకాకుళం పట్టణానికి సుమారు 25 కి.మీ. దూరంలో, వంశధార ముఖద్వారం వద్ద ఉన్నది. జిల్లాలో ఎక్కువగా సందర్శించే తీరం ఇదే. దీపస్తంభం, పాత రేవు ఆనవాళ్ళు, ఒక దర్గా ఇక్కడ ఉన్నాయి. ఇక్కడ వాతావరణ పరిశీలన కేంద్రం ఉండటం వలన, ఉత్తర కోస్తాకు తుఫాను వచ్చిన ప్రతిసారీ కళింగపట్నం పేరు వార్తలలో వినిపిస్తుంది. ఇదే దారిలో ఉన్న శాలిహుండాన్ని, కళింగపట్నాన్ని ఒకే రోజున చూడవచ్చు.

శ్రీకూర్మం, మొగదలపాడు

శ్రీకాకుళానికి 13 కి.మీ. దూరంలోని శ్రీకూర్మంలో విష్ణువు కూర్మావతారంలో పూజలందుకొంటున్నాడు. కూర్మనాథుడు ప్రధానదైవంగా గల ఆలయాలు దేశంలో అరుదు. మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉండటం, రెండు ధ్వజస్తంభాలు ఉండటం, స్తంభాలపై తెలుగు, సంస్కృత శాసనాలు పెద్ద సంఖ్యలో ఉండటం ఈ ఆలయ విశేషాలు. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళను సంరక్షిస్తారు. ఇక్కడికి చేరువలోనే గార మండలం మొగదలపాడు తీరం ఉన్నది.

కల్లేపల్లి

నాగావళి సంగమం వద్ద గల కల్లేపల్లిలో మణినాగేశ్వరాలయం ఉన్నది. నాగావళి తీరంలో బలరాముడు ప్రతిష్ఠించినట్లు స్థలపురాణం చెప్పే ఐదు శివాలయాలలో ఇది చివరిది. మిగిలినవి పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం గ్రామ పట్టణాలలో ఉన్నాయి.

చింతపల్లి, కోనాడ, ముక్కాం

ఇవి విజయనగరం జిల్లా తీరంలోని ముఖ్య గ్రామాలు. చింతపల్లి వద్ద ఒడ్డు చేరువలోనే రాళ్ళు, వాటిపై విరిగే అలలు కనిపిస్తాయి. కోనాడ వద్ద చంపావతి నది ఇసుక తిన్నెల మధ్యగా సముద్రాన్ని చేరుతుంది. భోగాపురం మండలంలోని ముక్కాం పూర్తిగా మత్స్యకార గ్రామం. విజయనగరం పట్టణం నుండి ఒక్క రోజులో ఈ మూడింటినీ చూసి తిరిగి రావచ్చు.

మత్స్యకారుల జీవనం

వాడబలిజ, జాలారి, పల్లి, కేవిటి తదితర కులాలవారు ఈ తీరంలోని ప్రధాన మత్స్యకారులు. ఊరి పేర్ల చివర వచ్చే పాలెం, పేట, రేవు అనే మాటలు చాలా చోట్ల వీరి ఆవాసాలను సూచిస్తాయి. పూర్వం దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పలపై వేటకు వెళ్ళేవారు. ఇప్పుడు వాటి స్థానంలో మోటారు అమర్చిన ఫైబరు పడవలు వచ్చాయి. ఒడ్డునుండి పెద్ద వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో పరచి, రెండు కొసలనూ ఊరివారందరూ కలిసి లాగే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తుంది. వంజరం, చందువ, కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు, రొయ్యలు, పీతలు ఇక్కడ లభించే ముఖ్యమైన మత్స్యసంపద. చేపలను ఎండబెట్టడం, గంపలకెత్తి ఊళ్ళలో అమ్మడం ఎక్కువగా స్త్రీల పని. గంగమ్మ తల్లికి మొక్కి వేట ప్రారంభించడం ఆనవాయితీ. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది.

విశాఖపట్నంలో ఉన్నటువంటి పెద్ద చేపల రేవు ఈ తీరంలో లేదు. పడవలను అలల మీదుగా ఇసుకలోకి ఈడ్చుకొని రావలసిందే. అందువలన లోతు సముద్రంలో రోజుల తరబడి వేటాడగల పెద్ద పడవలను ఇక్కడ నిలపడం సాధ్యపడదు. ఈ కారణంగా వేలాది యువకులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వలస వెళ్ళి, అక్కడి యజమానుల పడవలలో కూలికి పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సముద్ర సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ అధికారులు నిర్బంధించి కరాచీ జైలులో ఉంచారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద విడుదలయ్యారు. ఈ ఉదంతం ఆధారంగా నిర్మించిన తండేల్ చలనచిత్రం 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. తండేల్ అనగా పడవకు నాయకుడు. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం వద్ద చేపల రేవు నిర్మించాలన్న ప్రతిపాదన వెనుక ఈ వలసలను అరికట్టాలన్న ఆలోచన ప్రధానమైనది.

సముద్ర తాబేళ్ళు

ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేళ్ళు ఏటా శీతాకాలం చివర ఈ ఇసుక తీరాలకు వచ్చి గుడ్లు పెడతాయి. పొరుగున ఒడిశాలోని ఋషికుల్య నదీముఖం వద్ద వలె లక్షల సంఖ్యలో ఒకేసారి కాక, ఇక్కడ అవి విడివిడిగా ఒడ్డుకు చేరతాయి. తల్లి తాబేలు రాత్రి వేళ ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది. 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటికి వచ్చి, సముద్రంపై కనిపించే వెలుగును బట్టి దారి పోల్చుకొంటాయి. ఒడ్డున విద్యుద్దీపాలు ఉంటే పిల్లలు దారి తప్పి నేలవైపు నడిచి చనిపోతాయి. కుక్కలు, నక్కలు గుడ్లను తవ్వి తింటాయి. మరపడవల వలలలో చిక్కుకొన్న పెద్ద తాబేళ్ళు ఊపిరాడక చనిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం వీటిని పట్టడం, గుడ్లు తీయడం నేరం. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు స్థానిక యువకుల సహాయంతో గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు.

తుఫానులు

అక్టోబరు - నవంబరు నెలలలో బంగాళాఖాతంలో ఏర్పడే తుఫానులు ఈ తీరాన్ని తరచు తాకుతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాలపూర్ వద్ద తీరం దాటినప్పుడు ఉద్దానం దెబ్బతిన్నది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో నష్టం కలిగించింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలం వద్ద తీరం దాటింది. ఉద్దానంలో లక్షలాది కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కనుక, ఒక్క రాత్రిలో పోయిన ఆదాయాన్ని తిరిగి పొందడానికి రైతులకు చాలా కాలం పట్టింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. సరుగుడు తోటలు, మొగలి పొదలు, ఇసుక దిబ్బలు గాలివేగాన్ని, అలల తాకిడిని కొంతవరకు ఆపుతాయి. అందువలన దిబ్బలను చదును చేయడం గ్రామాలకు ముప్పు తెచ్చే పని.

అభివృద్ధి - పరిరక్షణ

ఈ తీరంలో భారీ నిర్మాణాల ప్రతిపాదనలు వచ్చినప్పుడల్లా నేల, నీరు, వేట గురించిన ప్రశ్నలు ఎదురయ్యాయి. సోంపేట బీలలో ఉష్ణ విద్యుత్ కేంద్రం నిర్మాణాన్ని ప్రతిఘటించిన రైతులు, మత్స్యకారులపై 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. అదే నెలలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర వద్ద మరొక విద్యుత్ కేంద్రం విషయంలోనూ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బంజరుగా రికార్డులలో నమోదైన చిత్తడి నేలలు నిజానికి వేల కుటుంబాలకు జీవనాధారమన్న సంగతి ఈ ఉద్యమాల వలన దేశమంతటికీ తెలిసింది.

రణస్థలం మండలం కొవ్వాడ వద్ద అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన చాలాకాలంగా ఉన్నది. సంతబొమ్మాళి మండలం మూలపేట వద్ద ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న, భోగాపురం వద్ద అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. గార మండలం వత్సవలస ప్రాంతపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి ఖనిజాలు ఉండటంతో తవ్వకాలు కూడా జరిగాయి. ఉపాధి, రవాణా సౌకర్యాలు పెరుగుతాయని వీటిని సమర్థించేవారు అంటారు. వేట స్థలాలు, తోటలు, భూగర్భజలం దెబ్బతింటాయని వ్యతిరేకించేవారు అంటారు. తీర ప్రాంత నిర్మాణాలను 1991లో తొలిసారి ప్రకటించి, 2011లోను, 2019లోను మార్చిన తీర నియంత్రణ మండలి నిబంధనలు క్రమబద్ధం చేస్తాయి.

ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి మరొక పెద్ద సమస్య. అనేక పరిశోధనలు జరిగినా దీని మూలకారణం ఇదమిత్థంగా తేలలేదు. శుద్ధమైన తాగునీటిని హిరమండలం జలాశయం నుండి ఉద్దానం గ్రామాలకు అందించే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

పేరులేని తీరాలను పోగొట్టుకోకుండా పర్యాటకానికి తెరవడం ఇతర దేశాలలోనూ ఎదురైన ప్రశ్నే. ఇటలీ దక్షిణ భాగంలో ప్రసిద్ధమైన అమాల్ఫీ తీరానికి పొరుగునే ఉన్న చిలెంతో తీరం చాలాకాలం యాత్రికులకు తెలియకుండా ఉండిపోయింది. అక్కడ 1991లో జాతీయ ఉద్యానవనం ఏర్పాటు చేశారు. 1998లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. కొండలు, పాత గ్రామాలు, గ్రీకు ఆలయ శిథిలాలు, సముద్రం అన్నింటినీ ఒకే ప్రదేశంగా భావించి రక్షించడం అక్కడి పద్ధతి. కనుమలు, నదీముఖాలు, శాలిహుండం వంటి శిథిలాలు, మత్స్యకార గ్రామాలు పక్కపక్కనే ఉన్న ఈ తీరానికి ఆ ఉదాహరణ ఆలోచించదగినది.

ప్రయాణ సౌకర్యాలు

హౌరా - చెన్నై రైలుమార్గం, 16వ నెంబరు జాతీయ రహదారి తీరానికి ఇంచుమించు సమాంతరంగా సాగుతాయి. విజయనగరం, శ్రీకాకుళం రోడ్ (ఆమదాలవలస), నౌపడ, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం ముఖ్యమైన రైల్వే స్టేషన్లు. కళింగపట్నం, శ్రీకూర్మం, శాలిహుండం వెళ్ళడానికి శ్రీకాకుళం పట్టణం. భావనపాడు, తేలినీలాపురం వెళ్ళడానికి టెక్కలి. అక్కుపల్లి, నువ్వలరేవు వెళ్ళడానికి పలాస. బారువ వెళ్ళడానికి సోంపేట. చింతపల్లి, కోనాడ వెళ్ళడానికి విజయనగరం అనువైనవి. బస్సులు, ఆటోలు దొరుకుతాయి గాని సాయంత్రం తరువాత తగ్గిపోతాయి. వసతి గృహాలు ఎక్కువగా పట్టణాలలోనే ఉన్నాయి. నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు సందర్శనకు అనుకూలమైన కాలం.

సందర్శకులు గమనించవలసిన విషయాలు

- చాలా తీరాలలో రక్షక సిబ్బంది ఉండరు. వనభోజనాల కాలంలో స్నానాలకు దిగినవారు మునిగిపోయిన సంఘటనలు పలుమార్లు జరిగాయి. ఒడ్డునుండి లోనికి లాగే ప్రవాహాలు పైకి కనిపించవు. స్థానిక మత్స్యకారులను అడగకుండా నీటిలోకి దిగరాదు.
- నదీ ముఖద్వారాల వద్ద ఇసుక, ప్రవాహం రోజురోజుకూ మారుతుంటాయి. నిన్న నడిచి దాటిన చోటు నేడు లోతు కావచ్చు.
- తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో రాత్రి వేళ ఒడ్డున దీపాలు, మంటలు వెలిగించరాదు. ఇసుకపై వాహనాలు నడపరాదు.
- తేలుకుంచి, తేలినీలాపురంలలో గూళ్ళ కిందికి వెళ్ళడం, బాణసంచా కాల్చడం, పెద్ద శబ్దాలు చేయడం వలన పక్షులు గూళ్ళు విడిచిపోతాయి.
- ఒడ్డున ఆరబెట్టిన వలలు, చేపలు మత్స్యకారుల జీవనాధారం. వాటిని తొక్కడం, అడగకుండా వారి ఛాయాచిత్రాలు తీయడం తగదు.
- తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు తీరానికి వెళ్ళరాదు.

ఇవి కూడా చూడండి

- శ్రీకాకుళం జిల్లా
- విజయనగరం జిల్లా
- ఉద్దానం
- కళింగపట్నం
- శాలిహుండం
- వంశధార నది
- నాగావళి నది